సగం తలతో సూపర్‌వైజరు

ఆదివారం చర్చి నుంచి వచ్చాక స్నేహితురాలు మార్వా చేత తలంతా సన్నజడలు అల్లించుకోవాలనీ, సోమవారం ఆ తలతోనే తను పనిచేసే బీమా ఆఫీసులో సూపర్‌వైజరు ఇంటర్వ్యూకు వెళ్లాలనీ టవాండా ఆ ఉదయం అనుకుంది. సూపర్‌వైజర్లకు సాయంత్రపు షిఫ్టు ఉండదు. ఏడేళ్ల కూతురు నైమాకు రాత్రి భోజనం తనే పెట్టుకోవచ్చు. నైమాకు తండ్రి లేకపోలేదు. డెట్రాయిట్‌లో ఉన్నాడు, ఎక్కువగా ఫోనులో ఉంటాడు. అందుకని ఇన్నాళ్లూ పిల్లను బడి నుంచి తెచ్చి చూసుకునేది మార్వానే.

మార్వా కుర్చీలో, టవాండా ఆమె మోకాళ్ల మధ్య నేల మీద కూర్చున్నారు. పాస్టరుగారి భార్య కొత్త టోపీతో మొదలైన కబుర్లు మెంఫిస్ ఊరంతా తిరిగొచ్చేసరికి కుడివైపు జడలు నడుము దాకా దిగాయి. కొత్త సవరం పొట్లం విప్పడానికి మార్వా దువ్వెనను పళ్ల మధ్య పెట్టుకుంది. నైమా బొమ్మల పుస్తకంలోంచి తలెత్తింది.

"అమ్మా, మార్వా ఆంటీ నోరు ఒక్క నిమిషం మూతపడితే చర్చిలో లేచి దేవుడి మహిమేనని సాక్ష్యం చెబుతానన్నావుగా. మూతపడింది, చూడు."

మార్వా దువ్వెన తీసింది. "అన్నావటే?"

"సరదాకి అన్నానే."

"అయితే మిగతా సగం సరదాకి నువ్వే అల్లుకో."

ఆమె సంచితో పాటే ఎడమవైపుకు అల్లాల్సిన సవరాలూ వెళ్లిపోయాయి. సోమవారం సెలూన్లు తెరవరు. కుడివైపు జడలు విప్పాలంటే రాత్రంతా చాలదు. తలంటుకున్న ఎడమవైపు జుట్టు గొడుగులా విచ్చుకుంది. టవాండా దాని మీద పట్టు రుమాలు బిగించి ఇంటర్వ్యూకు వెళ్లింది.

మేనేజరు హాల్వర్సన్ అడిగినవాటికల్లా ఆమె తల ఊపింది. పట్టు కదా, రుమాలు జారిపోయింది.

నల్లజాతి ఉద్యోగినుల జుట్టు గురించి అడగకూడదు, తాకకూడదు, తేరిపార చూడకూడదు అని హాల్వర్సన్ కిందటి నెలే శిక్షణ పొందాడు. ఆయన గోడ గడియారం వైపు చూశాడు. పక్కనున్న ప్రూయిట్ అనే అధికారిణి మాత్రం, సంప్రదాయానికీ స్వేచ్ఛకూ ఎంత చక్కని సమతూకమో అంది. టవాండా నిజం చెప్పడానికి నోరు తెరిచి, సాయంత్రపు షిఫ్టు గుర్తొచ్చి, "అవునండీ, సమతూకమే" అంది.

మధ్యాహ్నానికి ఉద్యోగం వచ్చింది. దాంతో పాటు, కంపెనీ పోస్టరుకు గురువారం ఫొటో తీస్తామనీ, తల ఇలాగే ఉంచగలరా అనీ, అలా అడగడం తప్పయితే క్షమించమనీ హాల్వర్సన్ నుంచి కబురు వచ్చింది.

సాయంత్రం ఆఫీసు గుమ్మంలో మార్వా, ఆమె చెయ్యి పట్టుకుని నైమా.

"నీతో నాకు మాటల్లేవు. పిల్లేం చేసిందని బడిలో వదిలెయ్యను? పద, మిగతాది అల్లేస్తా."

టవాండా పోస్టరు సంగతి చెప్పింది. మార్వా సంచి కింద పెట్టేసింది.

"నా సగం పనిని గోడకెక్కిస్తావా? ఇది నా చేతిపని అని తెలిస్తే ఈ ఊళ్లో ఏ ఆడది నాకు తల అప్పగిస్తుందే?"

ఆమె తిన్నగా హాల్వర్సన్ గదికి వెళ్లింది. "అయ్యా, ఇది ఫ్యాషన్ కాదు. పోట్లాట."

ఆ విషయంలో అభిప్రాయం చెప్పే హక్కు తనకు లేదని హాల్వర్సన్ గడియారం వైపు చూస్తూ చెప్పాడు.

ఆ సగం తలతోనే పోస్టరు ఊళ్లో వెలిసింది. ఆ ఆదివారం మార్వా ముఖం దాచుకుని చర్చి మెట్లు దిగుతుంటే పాస్టరుగారి భార్య ఆపింది. అటూ ఇటూ చూసి, టోపీ తీసి, అచ్చం అలాగే కావాలంది.

ఇప్పుడు మార్వా సగం తల అల్లి పూర్తి కూలి తీసుకుంటోంది. మాట్లాడకుండా అల్లాలంటే అదనం.