ఎండలో గొడుగు పట్టిన పెద్దమనిషి

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు నాదొక ఉచిత సలహా. కిటికీలు పెట్టించకండి. శుద్ధ దండగ!

అసలు కిటికీ ఎందుకండీ? బయట వాన పడుతోందో, ఎండ కాస్తోందో చూసుకోవడానికేగా? ఆ పని చేసిపెట్టడానికి జేబులో ఫోనుంది. ఫోనుకు ఊచలు అక్కర్లేదు, కర్టెన్లు అక్కర్లేదు, దుమ్ము దులిపే పని లేదు. పైగా కిటికీ ఇప్పుడు జరుగుతున్నది మాత్రమే చూపిస్తుంది. ఫోనైతే వచ్చే గురువారం మధ్యాహ్నం మూడింటికి మీ నెత్తిన వాన పడుతుందో లేదో ఇవాళే చెప్పేస్తుంది. పడకపోతే తప్పు వానది!

ఈ విషయంలో మా ఆవిడ బాగా వెనకబడిన మనిషి. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, గాలి వాసన చూసి, మబ్బు పట్టింది, మేడమీద బట్టలు తీయమంటుంది. మొన్న అలాగే అంటే నేను ఫోను చూపించాను. వాన పడే అవకాశం సున్నా శాతం. సున్నా అంటే సున్నానే కదండీ! పావుగంటలో బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, బట్టలన్నీ మళ్లీ పిండుకుంది. మబ్బు యాప్ చూసుకోకుండా కురిస్తే దానికి నేనేం చేసేది?

అదృష్టవశాత్తు మా ఆఫీసులో అందరూ నాలాంటి అభ్యుదయవాదులే. స్క్రీన్ల మీద వెలుతురు పడుతోందని కిటికీలకు ఎప్పుడో తెరలు దించేశాం. ఒకరోజు సాయంత్రం ఇళ్లకు బయల్దేరే వేళ పెద్ద చర్చ లేచింది. అకౌంటెంటు గారి యాప్ జోరువాన అంది. స్టోర్స్ చూసే ఆవిడ యాప్ చుక్క కూడా పడదంది. నాది వడగళ్లంది. మేనేజరు గారు మూడింటినీ పరిశీలించి, సగటు తీసి, ఒక మోస్తరు తుంపర అని తీర్పు చెప్పారు. అంతలో వాచ్‌మన్ ఒళ్లంతా నీళ్లోడుతూ లోపలికొచ్చి, బయట కుండపోతగా కురుస్తోందని చెప్పాడు. ఏ యాప్ వాడతావని అందరం ఒక్కసారే అడిగాం. పాపం, అతని దగ్గరున్నది బటన్ల ఫోను! అలాంటివాడి మాట పట్టుకుని ఎలా నిర్ణయాలు తీసుకుంటాం? ఇంకో గంట కూర్చుని చర్చ కొనసాగించాం.

ఇక ఫోను పంచిపెట్టే వినోదం సంగతి వేరే చెప్పాలా? ఒక మేక ఎస్కలేటర్ మీద కిందికి దిగబోతుంది. అదేమో పైకి తీసుకుపోతుంటుంది. మేక పట్టు వదలదు, ఎస్కలేటరూ వదలదు. ఒక పిల్లి వాషింగ్ మెషీను తిరగడాన్ని చూసీ చూసీ కళ్లు తిరిగి పక్కకు ఒరుగుతుంది. ఇవేమీ చూడకుండా మన తాతముత్తాతలు ఎలా బతికి బట్టకట్టారో నాకర్థం కాదు. మంచిది నలుగురికీ పంచాలంటారు కాబట్టి, నేను చూసిన ప్రతి వీడియోనూ పద్దెనిమిది గ్రూపులకు పంపుతాను. ఇంతవరకూ ఒక్కరు కూడా వద్దనలేదు. నలుగురైదుగురు గ్రూపులోంచి వెళ్లిపోయారంతే.

ఇలాంటి ఉత్తమ జీవితంలో ఆటలకు కూడా చోటుండాలి కదా. మా పద్నాలుగేళ్ల అమ్మాయి, పేటల మధ్య జరిగే ఆడపిల్లల ఫుట్‌బాల్ లీగ్‌లో గోల్‌కీపరు. ప్రతి ఆదివారం సాయంత్రం స్కూలు మైదానంలో మ్యాచ్. ప్రతిసారీ రమ్మని పిలుస్తుంది. నాకూ వెళ్లాలనే ఉంటుంది. ఫోను వెళ్లనిస్తేగా! మొదటి ఆదివారం ఉరుములంది. రెండో ఆదివారం ఈదురుగాలులంది. మూడోసారీ నాలుగోసారీ భారీ వర్షాలంది. దాని మాట కాదనలేక నాలుగు వారాలూ సోఫాలో జాగ్రత్తగా కూర్చున్నాను. పిల్ల మాత్రం నాలుగుసార్లూ ఎండకు కమిలిన మొహంతో ఇంటికొచ్చింది.

ఐదో ఆదివారం ఫైనలు. ముందురోజు భోజనాల దగ్గర అమ్మాయి కంచంలో వేలు తిప్పుతూ కూర్చుంది.

"రేపొక్కసారి రా నాన్నా. గెలవకపోయినా ఏం కాదు. నువ్వు చూస్తే చాలు."

తప్పకుండా వస్తానన్నాను. తర్వాత ఇంకా ఏదో చాలాసేపు చెప్పింది. డ్రిల్లు మాస్టారు ఏదో నేర్పుతున్నారట, నెల రోజులుగా అదే పనిగా సాధన చేస్తోందట. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. మేక అప్పుడే ఎస్కలేటర్ సగానికి వచ్చింది.

మర్నాడు వెళ్లానండీ! వాన తొంభై రెండు శాతం అని ఫోను మొత్తుకుంటున్నా లెక్కచెయ్యకుండా వెళ్లాను. కన్నప్రేమ అంటే అదీ! ఎందుకైనా మంచిదని మా పాత నల్లగొడుగు పట్టుకెళ్లాను. అది ఒకచోట చిరిగితే మా ఆవిడ ఎర్రగుడ్డతో అతుకు వేసింది. నాలుగూ పదికి వాన మొదలవుతుందని ఫోనులో ఉంటే, ముందుచూపుతో నాలుగూ ఎనిమిదికే గొడుగు విప్పాను. ఎండ మాడ్చేస్తోంది. చుట్టుపక్కలవాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు. తడిశాక తెలుస్తుందిలే అనుకున్నాను. నాలుగూ పది దాటింది, ఐదయింది. మబ్బుతునక కూడా లేదు. నేను గొడుగు ముయ్యలేదు. మాటంటే మాటే.

ఆట ఆఖర్లో మావాళ్లు ఒక్క గోలు ముందున్నారు. అవతలి జట్టుకు పెనాల్టీ కిక్ దొరికింది. అది పడితే ఆట సమం, ఆగితే కప్పు మావాళ్లది. మైదానమంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడే ఎవరో పిల్లి వీడియో పంపారు. పదిహేను సెకన్లే కదా! నేను నవ్వు ఆపుకుని తలెత్తేసరికి జనం గంతులేస్తున్నారు, పిల్లలంతా కలిసి మా అమ్మాయిని భుజాలమీదికి ఎత్తేశారు. నేనూ గంతులేశాను, అందరికంటే ఎత్తుగా.

ఇంటికొచ్చాక అమ్మాయి బూట్లు విప్పుతూ, చూశావా నాన్నా అని అడిగింది. చూడకపోవడమేంటి, ఏం దూకుడమ్మా అది, చిరుతపులిలా అటు దూకి పట్టేశావన్నాను. లేసు విప్పుతున్న చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత ఊఁ అని లోపలికెళ్లిపోయింది. ఎంత వినయమో నా తల్లికి, అనుకున్నాను.

మర్నాడు ఆఫీసులో ఉండగా ఒక వీడియో వచ్చింది. అబ్బ, అలాంటిది ఏడాదికొకటి పడుతుంది! మండుటెండలో ఎవడో గొడుగు వేసుకుని నిలబడ్డాడు. తల గొడుగులో దూరిపోయింది, చేతిలో ఫోను, భుజాలు కుదిపేసేంత నవ్వు. చుట్టూ జనం వెర్రెత్తి ఎగురుతున్నా వాడికి పట్టలేదు. వెనకెక్కడో ఏదో ఆట జరుగుతోంది, దాన్నెవరు చూస్తారు? మేనేజరు గారితో సహా అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఇలాంటి మనుషులు కూడా ఉంటారా అని ఒక ముక్క రాసి, పద్దెనిమిది గ్రూపులకూ పంపాను. మామగారు, బావమరుదులు, తోడల్లుళ్లు అంతా ఉన్న మా ఇంటి గ్రూపుకు కూడా.

అక్కడ మా ఆవిడ ఒక్కటే వాక్యం రాసింది. ఆ గొడుగు మీది ఎర్ర అతుకు నేను వేసిందే, అని.

మా చిన్న బావమరిది పెట్టిన నవ్వు బొమ్మలు ఇంకా లెక్కతేలలేదు. అప్పుడు, మొట్టమొదటిసారి, ఆ వీడియోలో వెనక జరుగుతున్న ఆట చూశాను.

సాయంత్రం ఇంటికెళ్లి అమ్మాయి పక్కన కూర్చున్నాను. అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. దానికి కోపం వస్తే బాగుండేది. రాలేదు.

"నేను దూకలేదు నాన్నా. ఆ అమ్మాయి ఎప్పుడూ మధ్యలోకే కొడుతుంది. దూకకుండా నిలబడటమే కష్టం. నెల రోజులుగా నేర్చుకుంటున్నానని మొన్న భోజనాల దగ్గర నీకు చెప్పింది అదే కదా" అంది.

కాబట్టి ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు నా సలహా కొంచెం సవరిస్తున్నాను. కిటికీలు పెట్టించుకోండి. ఎంత పెద్దవైతే అంత మంచిది. అయితే పెట్టిస్తే చాలదని, వాటివైపు చూస్తూ ఉండాలని ఈమధ్యే తెలిసింది.

ఆ వీడియోను ఇప్పటికి లక్షమంది చూశారట. నేనే ఓ వందసార్లు చూసి ఉంటాను. బంతి గోలు వైపు వస్తుంది. అందరూ మెడలు సాచి చూస్తుంటారు. ఇద్దరు మాత్రం కదలరు. ఒకరు గోలు ముందు, బంతి మీంచి చూపు తిప్పకుండా. ఇంకొకడు గొడుగు కింద. ఈసారైనా వాడు తలెత్తుతాడేమోనని ప్రతిసారీ ఆశగా చూస్తాను.

ఎత్తడు.