సర్ ఆంబ్రోస్ సీటు ఖాళీ చేసిన విధం

ఆ ఉదయం సర్ ఆంబ్రోస్ టట్‌హిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పార్లమెంటుకు వెళ్ళడం, మంత్రిగారి వైపు ఒక్క ఓటు వెయ్యడం, ఇక జన్మలో ఆ భవనం మొహం చూడకపోవడం. ఏళ్ళ తరబడి ప్రసంగాలు విని ఆయన చెవులతోపాటు నడుమూ అరిగిపోయింది. కానీ సభ్యుడు తనంతట తాను మానేస్తానంటే చట్టం ఒప్పుకోదు. రాజుగారి కొలువులో ఏదైనా ఉద్యోగం పుచ్చుకుంటేనే సీటు ఖాళీ అవుతుంది. పేరుకు మాత్రం ఉండే అలాంటి ఉద్యోగాలను మంత్రిగారు తనవాళ్ళకే ఇస్తారు.

"విగ్గుల పన్నుకు ఔననండి చాలు, మర్నాడే అలాంటి ఉద్యోగమొకటి ఇచ్చి మిమ్మల్ని వదిలేస్తాం" అని మంత్రిగారి మనిషి పెన్‌ఫోల్డ్ మాటిచ్చాడు.

"అక్కడ ఎవరితోనూ మాట్లాడకండి," అంది భార్య లెటిషా, రొట్టెకు వెన్న రాస్తూ. "నోరు తెరిస్తే మిమ్మల్ని ఏదో ఒక కమిటీలో వేస్తారు. కోటు కూడా విప్పకండి, చొక్కా వీపున చిరిగింది."

"తెరవను, విప్పను. ఈ వారంలోనే మన ఊళ్ళో, మన పియర్ చెట్ల కింద ఉంటాం."

సభ కిక్కిరిసి ఉంది. దొరికిన బెంచీ మీద ఇరుక్కున్నాడు ఆంబ్రోస్. పక్కనే ప్రతిపక్షం తాలూకు బల్మర్, బాగా భోంచేసి వచ్చాడేమో, ఆంబ్రోస్ కోటు చెంగు మీదే కూలబడి గురక మొదలెట్టాడు.

ఓట్లు లెక్కించే వేళయింది. ఔననేవాళ్ళు లేచి బయటికి నడవాలి, కాదనేవాళ్ళు కూర్చునే ఉండాలి. అదీ ఆ సభ ఆచారం. ఆంబ్రోస్ లేచాడు. కోటు లేవలేదు.

"బల్మర్ గారూ, కాస్త జరుగుదురూ!"

గురక స్థాయి మారిందంతే. కోటు విప్పేద్దామంటే చిరుగు గుర్తొచ్చింది. గుమ్మం దగ్గర్నుంచి పెన్‌ఫోల్డ్ రమ్మని చెయ్యి ఊపాడు. రాలేనని ఆంబ్రోస్ తల అడ్డంగా ఊపాడు. రానంటున్నాడనుకుని పెన్‌ఫోల్డ్ మొహం పాలిపోయింది. తలుపులు మూసేశారు. ఒక్క ఓటు తేడాతో పన్ను వీగిపోయింది.

బయట పన్ను తప్పిన సంబరంలో విగ్గులు తయారుచేసేవాళ్ళంతా ఆయన బండి గుర్రాలను విప్పేసి, తామే లాక్కుపోసాగారు.

"నేను కావాలని కూర్చోలేదు నాయనా!"

"చూశార్రా, మా దొరకి ఎంత వినయమో!" అంటూ తిన్నగా సారాకొట్టు ముందు ఆపారు.

ఇల్లు చేరేసరికి లెటిషా గుమ్మంలోనే ఉంది. "మాట్లాడొద్దన్నానా?"

"మాట్లాడలేదు. కూర్చున్నాను."

మర్నాడు పెన్‌ఫోల్డ్ వచ్చాడు. తిట్లు తినడానికి ఆంబ్రోస్ కళ్ళు మూసుకున్నాడు.

"గడుసువారండీ మీరు!" అన్నాడు పెన్‌ఫోల్డ్. "పెద్ద ఉద్యోగం కోసం బెట్టు చేస్తున్నారని మాకు తెలియలేదు. మంత్రిగారు నౌకాదళంలో అసలైన ఉద్యోగమే ఇమ్మన్నారు."

"అది పుచ్చుకుంటే నా సీటు?"

"అప్పటికప్పుడే ఖాళీ. చట్టం కదండీ."

ఉద్యోగపు కాగితం మీద సిరా ఆరకముందే ఆంబ్రోస్ దంపతులు ఊరి దారి పట్టారు.

పియర్ పళ్ళు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వాటి కింద కుర్చీ వేసుకున్న మూడో రోజే, డప్పులతో ఊళ్ళోని ఓటర్లు దిగబడ్డారు.

"అయ్యగారూ, మీ ఖాళీకి ఎన్నిక అయిపోయింది! మళ్ళీ మిమ్మల్నే గెలిపించేశాం. పోటీకి పురుగు కూడా లేదు."

"నన్నొక్క మాట అడగొద్దా?"

"అడిగితే వద్దంటారు కదండీ, మొహమాటస్తులు!"

ఉద్యోగం పుచ్చుకున్నాక మళ్ళీ గెలిస్తే సీటూ ఉద్యోగమూ రెండూ ఉంటాయనేదీ ఆ చట్టమే. ఇప్పుడాయన మంత్రిగారి ఉద్యోగి కూడా కాబట్టి, సభకు ఎగనామం పెట్టే వీలూ లేదు.

లెటిషా పనిమనిషిని పిలిచి, పెట్టెలు విప్పడం ఆపమంది.