అయిదు బస్తాల పాట

ఆ శనివారానికి పున్నమ్మ వేసుకున్న పథకం చిన్నదే. ఎనిమిదిన్నరకి నందిగామలో బస్సెక్కాలి, జగ్గయ్యపేటలో దిగాలి, మనవడు ఎడ్విన్ అడిగిన పాట ఒకటి మైకులో పాడాలి, మూడున్నర బస్సుకి ఇల్లు చేరాలి. బస్సు తప్పిపోతుందేమోనన్న భయంతో ఆవిడ ఏడుంపావుకే వెళ్ళి స్టాండులో కూర్చుంది. మంచినీళ్ళు, తలనొప్పి మాత్ర, మళ్ళీ ఎప్పుడు చూస్తామో అని పక్కింటావిడ ఫోన్ నంబరు రాసుకున్న కాగితం సంచిలో ఉన్నాయి. వెళ్ళేది ముప్పై కిలోమీటర్లు.

ఎడబాటంటే ఆవిడకి అంత బెదురు. చుట్టాలు బయల్దేరతామంటే వాళ్ళ చెప్పులు దాచేసేది. కండక్టరు ఐతవరం దగ్గర దిగిపోతే, ఎవరో తెలియకపోయినా, కిటికీలోంచి చూసి నిట్టూర్చేది.

అలాంటి మనిషి చెవిన బస్సులో ఆ మాట పడింది. ఆవిడని వెంటబెట్టుకుని వెళ్తున్న ఎడ్విన్ ముందు సీట్లో కూర్చుని ఫోన్‌లో బెన్నితో అంటున్నాడు. "ఇక నా వల్ల కాదు రా. ఈ పాటొక్కటి పూర్తవనీ, ఎవరి దారి వాళ్ళు చూసుకుందాం. పరిమళ కూడా అదే అంది."

పున్నమ్మ గుండె జారి సంచిలో పడింది.

ఎడ్విన్, బెన్ని, పరిమళ కలిసి మూడేళ్ళుగా పాటలు కట్టి రికార్డు చేస్తున్నారు. బృందం పేరు 'మెట్ట పాట'. మొదటి ఏడు ఎడ్విన్ గిటారు, బెన్ని డప్పు, పరిమళ గొంతు, అంతే. వినేవాళ్ళకి చేలో నిలబడ్డట్టుండేది. రెండో ఏడు కీబోర్డు వచ్చింది. మూడో ఏడు ఎడ్విన్ కంప్యూటర్ కొన్నాడు. అప్పటినుంచి పరిమళ పాడిన ముక్కని పదిహేను ముక్కలు చేసి మళ్ళీ అతికించడం, బెన్ని వాయించిన డప్పు పక్కన పెట్టి కంప్యూటర్లో డప్పు వాయించడం మొదలైంది. బెన్నికి మిగిలిన పని టీ తేవడం. మాటా మాటా పెరిగి, చివరికి నానమ్మ పాత కూలిపాట ఒకటి చేసి ముగించేద్దామన్నారన్నమాట.

పాట పూర్తయితే ముగ్గురూ విడిపోతారు. కాబట్టి పాట పూర్తి కాకూడదు. బస్సు పేటలో ఆగేసరికి పున్నమ్మ ఆ నిర్ణయానికి వచ్చేసింది.

రికార్డింగ్ గది పరిమళ అద్దెకుండే మేడమీద గది. బయటి చప్పుడు రాకుండా గోడలన్నిటికీ బొంతలు వేలాడదీశారు. తలుపు సందుల్లో పాత చీరలు కుక్కారు. ఫ్యాను ఆపేశారు. మార్చి నెల ఉక్కలో ఆ గది ఇడ్లీ పాత్రలా ఉంది.

"పాడు నానమ్మా," అన్నాడు ఎడ్విన్, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని.

"ఎర్రని చేలోన ఎండ పూసింది..." అని ఒక్క ముక్క పాడి పున్నమ్మ ఆగిపోయింది. "రావట్లేదు నాయనా."

"ఏమైంది మామ్మా?" అంది పరిమళ.

"ఇది మిరపకాయల ముచ్చికలు తుంచుతా పాడే పాట తల్లీ. చేతులు ఖాళీగా ఉంటే నోరు తిరగదు."

ఆ మాటలో సగం నిజం ఉంది. పరిమళ మాత్రం గంతేసింది. "విన్నావా ఎడ్విన్? మూడేళ్ళుగా మొత్తుకుంటున్నది ఇదే. పాటలో పని వినపడాలి!"

"ముచ్చిక తుంచిన చప్పుడే కదా, కంప్యూటర్లో పెట్టేస్తా."

"మామ్మ చేతుల్లో ఏం పెడతావు, మౌసా?"

వాళ్ళు అరుచుకుంటుండగానే బెన్ని మిరపకాయల కోసం కిందకి దిగాడు. వాటికోసం ఊరంతా తిరిగి సాయంత్రానికి గాని రాడని పున్నమ్మ ధైర్యం. కానీ పది నిమిషాల్లో బస్తా భుజాన వేసుకుని వచ్చేశాడు. ఇంటి యజమాని దశరథరామయ్యగారి మిరప పంట కింద వరండాలోనే ఉందట. అడగ్గానే ఆయన పొంగిపోయి, "ముచ్చికలు తీసిపెడతారా? పిలిస్తే ఒక్కరూ రావట్లేదు బాబూ! ఇంకో నాలుగున్నాయి, అవి కూడా కానివ్వండి," అన్నాడట. పాట కోసమని చెప్పబోయిన బెన్ని నోట్లో మాట నోట్లోనే ఉండగా మిగిలిన నాలుగు బస్తాలూ మెట్లెక్కాయి.

పున్నమ్మకి ఇంకో దారి తోచింది. "ఒక్కదాన్నే ఎట్టా పాడతాను? ఎదురు పాడేవాళ్ళుండాలి. మా ఆరోగ్యమ్మ ఉంటేనా..." అని నిట్టూర్చింది. ఆరోగ్యమ్మ పాత కూలిజట్టులో తోటిది. ఇరవయ్యేళ్ళుగా కనపడలేదు.

"ఆరోగ్యమ్మ మామ్మా? మా వీధి చివరే, కూతురి దగ్గర ఉంటుంది," అంది పరిమళ.

అరగంటలో ఆరోగ్యమ్మ మరో నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని, పని అనుకుని అందరి చేతా క్యారేజీలు పట్టించి మరీ వచ్చింది. పున్నమ్మని చూసి కావలించుకుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, "నీ గొంతు ఇంకా ఉందా, పోయిందా?" అని అడిగింది.

తలుపు మూశారు. చీరలు కుక్కారు. అయిదు బస్తాల ఎండుమిరపకాయలు, తొమ్మిది మంది మనుషులు, ఆగిన ఫ్యాను.

"ఎవరూ తుమ్మకండి, ప్లీజ్," అన్నాడు ఎడ్విన్, కళ్ళు ఎర్రబడుతుండగా.

పున్నమ్మ రెండు ముక్కలు పాడి మళ్ళీ ఆపేద్దామనే కూర్చుంది. కానీ చేతులకి ఆవిడ పథకం తెలియదు. కాయ అందుకున్నాయి, ముచ్చిక తుంచాయి, మళ్ళీ కాయ అందుకున్నాయి. చేతుల వెంట పాట వచ్చేసింది. దానికి తోడు ఆరోగ్యమ్మ ఎదురుపాట ఎత్తుకుంది, ఒక మెట్టు పైన. వయసులో ఉన్నప్పుడూ ఇదే వరస. పున్నమ్మ ఇంకో మెట్టు పైకెక్కింది.

సరిగ్గా అప్పుడు పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని దశరథరామయ్యగారు తలుపు తీసుకుని లోపలికొచ్చి, పద్ధతిగా మళ్ళీ మూశాడు. మంచి మనిషి. "ఇంత ఉక్కలో ఎట్టా కూర్చున్నారమ్మా!" అంటూ ఫ్యాను వేశాడు, అయిదు మీద.

ఎర్రటి దుమ్ము గిర్రున లేచింది. మొదట ఆరోగ్యమ్మ తుమ్మింది. తర్వాత ఎవరు తుమ్మారో చెప్పడం కష్టం.

"ఆపండి! ఫ్యాను ఆపండి!"

"స్విచ్చెక్కడ?"

"తలుపు తీయండమ్మా ముందు!"

"తలుపెక్కడండీ? అంతా బొంతలే!"

మూసుకున్న కళ్ళతో ఒక్కొక్క బొంతే పీకుతున్నారు. గోడ, మళ్ళీ గోడ, అలమర. దశరథరామయ్యగారు బొంత కింద పడి, "నేనేం చేశానమ్మా!" అంటున్నాడు. పరిమళ తడుముకుంటూ ఒక చెయ్యి పట్టుకుంది, అది ఎడ్విన్‌ది. ఎడ్విన్ ఇంకో చెయ్యి పట్టుకున్నాడు, అది బెన్నిది. కాలు గడపకి తగిలి బెన్ని తలుపుతో సహా బయటపడ్డాడు. వెనకాలే అందరూ వచ్చిపడ్డారు.

లోపల ఒక్క మనిషి మాత్రం కదల్లేదు. నలభై ఏళ్ళు మిరప కల్లాల్లో గడిపిన ముక్కు పున్నమ్మది. కొంగు అడ్డం పెట్టుకుని, ఆరోగ్యమ్మ పారిపోయిందన్న సంతోషంలో, ఆఖరి చరణం గొంతెత్తి పూర్తి చేసింది.

కాసేపటికి ముగ్గురూ మెట్లమీద వరసగా కూర్చున్నారు. పరిమళ చన్నీళ్ళ గుడ్డ ఎడ్విన్ కళ్ళకి అద్దుతోంది. బెన్ని మజ్జిగ పోసి అందిస్తున్నాడు. ఎడ్విన్ ఉన్నట్టుండి లేచి కంప్యూటర్ తెచ్చాడు. అది ఆగలేదు. అంతా రికార్డు చేసింది.

"నానమ్మా, పాట మొత్తం వచ్చేసింది!"

పున్నమ్మ మొహం పాలిపోయింది. "అయిపోయిందా? అయ్యో దేవుడా, అయితే మీరు విడిపోతారా?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"నీకెవరు చెప్పారు నానమ్మా?"

"బస్సులో విన్నా. అందుకే గదరా కాయలన్నా, ఆరోగ్యమ్మన్నా! ఈ పాట పడకుండా చూద్దామని!"

బెన్ని మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలన్నా ముందు కళ్ళు కనపడాలిగా మామ్మా," అన్నాడు. పరిమళ నవ్వింది. ఆ నవ్వు ఎడ్విన్‌కి, అక్కణ్ణించి మెట్ల కింద కళ్ళు కడుక్కుంటున్న దశరథరామయ్యగారికి పాకింది.

"డప్పు నువ్వే వాయించరా బెన్నీ," అన్నాడు ఎడ్విన్. "పరిమళ గొంతు ముక్కలు చెయ్యను. ఒట్టు."

సాయంత్రం దాకా ముగ్గురూ కలిసి ఆ పాట మీద కూర్చున్నారు. మూడున్నర బస్సు వెళ్ళిపోయింది, పున్నమ్మ పట్టించుకోలేదు. ఆరింటికి ఆవిడని పిలిచి వినిపించారు. తుమ్ముల మీద బెన్ని డప్పు దరువు. పున్నమ్మ గొంతు. మధ్యలో 'తలుపెక్కడండీ' అన్న కేక, వంతపాటలా.

"ఎట్టా ఉంది మామ్మా?"

పున్నమ్మ గంభీరంగా చూసింది. "నా పాటలో ఆ తుమ్ములేంటి? ఆరోగ్యమ్మ తుమ్ము నా గొంతుకంటే పెద్దగా ఉంది. తీసెయ్యండి."

"అదే అందం!" అన్నారు ముగ్గురూ, ఒక్క గొంతుతో.

"అయితే ఆ తుమ్మన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి," అని పున్నమ్మ సంచి అందుకుని బస్టాండుకి నడిచింది.

ఆవిడ భయపడినంతా అయింది. ఆ బృందం చీలిపోయింది, ముగ్గురు ఒకవైపు, పున్నమ్మ ఒకవైపు.