ఆరోగ్యవంతమైన వణుకు

మెదడు సంకేతాలు చదివి పార్కిన్సన్ వణుకుడు జబ్బును పసిగట్టే కంప్యూటర్ యంత్రాన్ని తిరుపతిలో జాతికి అంకితం చేయనున్నట్టు మంత్రి కుప్పుస్వామిగారు ప్రకటించారు. ఆ మాట విని జాతికంటే ఎక్కువ సంతోషించినవాడు వడమాలపేట చెంగయ్య.

చెంగయ్య కుడిచెయ్యి కొంతకాలంగా వణుకుతోంది. కాఫీ పట్టుకుంటే సగం చొక్కా తాగేది. ఊరు బ్రాందీ అనుకుంది. భార్య అక్కమ్మా అదే అనుకుంది. అన్నం పెట్టేదిగాని మాట్లాడేది కాదు. చుక్క ముట్టని చెంగయ్యకు అదే పెద్ద బాధ.

ప్రారంభోత్సవానికి ముందు యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ నందిని అతని తలకు వైర్ల టోపీ తొడిగింది. జబ్బున్నవాళ్ల సంకేతాలూ, లేనివాళ్లవీ చూపించి తేడా నేర్పామని చెప్పింది. ఎర్రదీపం వెలిగింది.

"జబ్బేనా మేడమ్? తాగుడు కాదు గదా?"

"జబ్బే. మందులతో వణుకు తగ్గుతుంది."

చెంగయ్య కళ్లు తుడుచుకున్నాడు. "ఈ మాట మా ఆడమనిషి ముందర ఇంకోసారి చెప్పల్ల మేడమ్."

ప్రారంభోత్సవం రోజు అక్కమ్మను ముందు వరసలో కూర్చోబెట్టాడు. మంత్రిగారు మెదడు ప్రాముఖ్యం గురించి గంటసేపు సెలవిచ్చి, ప్రజలకు ఆదర్శంగా టోపీ తానే పెట్టుకున్నారు.

ఎర్రదీపం వెలిగింది.

మంత్రిగారు ఎడమచేతిని కండువాలో దాచుకున్నారు.

"తొందరగా తెలియడం మంచిదే సార్. ఒకసారి పరీక్ష చేయించుకోండి" అంది నందిని నెమ్మదిగా.

ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. టికెట్లిచ్చేవారు టీవీ చూస్తున్నారు. ప్రత్యేకాధికారి హరినాథ్ సమస్యను క్షణంలో గ్రహించాడు. గొప్ప అధికారి.

"యంత్రం మనం నేర్పిందే నేర్చుకుంటుందన్నారు కదా. సార్‌ది ఆరోగ్యవంతమైన మెదడని నేర్పండి."

"ఒకసారి చెబితే వినదు సార్."

"వినేదాకా చెప్పండి."

"అప్పుడు రోగులందరినీ ఆరోగ్యవంతులనే అంటుంది."

"జనం ఆరోగ్యంగా ఉంటే మీకేం అభ్యంతరం?"

నందిని ఒప్పుకోలేదు. ఆమెను అతిథులకు భోజనాలు చూడమని పంపి, హరినాథ్ తన మనుషులను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. భోజనాలయ్యేసరికి యంత్రం దారికొచ్చింది. మంత్రిగారికి పచ్చదీపం. చప్పట్లు. తర్వాత చెంగయ్యకూ పచ్చదీపం.

"నాకు జబ్బుండాది సార్," అన్నాడు చెంగయ్య. "మేడమే చెప్పింది."

"ఉండేది. ప్రభుత్వం పోగొట్టింది," అన్నాడు హరినాథ్.

వెనకనుంచి నందిని ఏదో గట్టిగా చెబుతోంది. మేళగాళ్లు డోలు అందుకున్నారు. తిరుపతి ఇక వణుకులేని జిల్లా అని మంత్రిగారు ప్రకటించి, తొలి ఆరోగ్యవంతుడిగా చెంగయ్యకు అద్దం కట్టిన ప్రశంసాపత్రం అందించారు. ఆ చివర మంత్రిగారు, ఈ చివర చెంగయ్య. మధ్యలో అద్దం గడగడలాడింది. అక్కమ్మ మొగుడి చెయ్యి చూసింది. మంత్రిగారి చెయ్యి చూసింది.

బస్సు పుత్తూరు రోడ్డెక్కాక, అక్కమ్మ ఇన్నాళ్లకు మొగుడి వైపు తిరిగింది.

"నిజం చెప్పు. నువ్వూ ఆ మంత్రీ ఒకే బ్రాందీ కొట్టుకు పోతారా?"