మా వంటింటి డైరెక్టరు గారి పుదీనా బిస్కెట్లు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. అలాంటి మనిషి ఇంటికి ఒక్కరే దొరుకుతారు. స్టవ్వుకొకరు, ఫ్రిజ్జుకొకరు ఉండాల్సింది!

నవ్వకండి. ఫోన్‌లో వీడియోలు చూసి వంట నేర్చుకున్న భర్త దొరకడం వరమని నేను ఘంటాపథంగా చెబుతాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా నీళ్లు కూడా తప్పు పద్ధతిలోనే మరిగిస్తున్నానని నాకు చెప్పిందెవరు? మా సాల్మనే! ఉల్లిగడ్డ కోస్తుంటే పక్కన నిలబడి కత్తి వాలు సరిచేస్తారు. పప్పు కుక్కర్ మూడో విజిల్ వేస్తే, వీడియోలో రెండే వేసిందని నొచ్చుకుంటారు. నా డిగ్రీలో కెమిస్ట్రీ ఉంది. ఆయన ఫోన్‌లో రోజుకు రెండు జీబీ ఉంది. ఏది పెద్ద చదువో మీరే చెప్పండి!

ఈసారి మా చర్చిలో కోతల పండుగకు నేను చాక్లెట్ పూత పూసిన పుదీనా బిస్కెట్లు చేయాలని తీర్మానించిందీ ఆయనే. ఆ రోజు ఒకరు వడ్లు తెస్తారు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపుంజు. ఆడవాళ్లం చేతివంట పెడతాం. ఆరాధన కాగానే అన్నిటికీ వేలం. ఎవరి డబ్బా మీద వాళ్ల పేరు చీటీ ఉంటుంది. ఎవరూ పాడకపోతే ఆ డబ్బాను అందరి ముందు నుంచీ ఇంటికి మోసుకుపోవాలి. కరీంనగర్‌లో పదేళ్లుగా నా డబ్బా ఒక్కసారీ వెనక్కి రాలేదు.

అడుగున ఉప్పు పోసిన కుక్కర్‌లో బిస్కెట్లు చక్కగా కాలాయి. చాక్లెట్ కరిగింది. అందులో ఒక చెంచా పుదీనా ఎసెన్సు వేయాలని వీడియోలో షెఫ్ చెప్పాడట. అది మా బజారులో దొరకలేదు. మా ఆయన పాన్ డబ్బాకు వెళ్లి పిప్పర్‌మెంట్ పలుకులు తెచ్చారు. పాన్‌లో ఒక్క పలుకు పడితేనే చెవుల్లోంచి చలిగాలి వీచే సరుకు!

"ఆవగింజంత ఏస్తే చాలు," అన్నాను.

"చెంచ అంటే చెంచనే. గంత పెద్ద షెఫ్‌కు తెల్వదా, నీకు తెలుస్తదా?" అంటూ చెంచెడూ గుమ్మరించారు.

"జర ఒకటి రుచి చూస్త," అన్నాను, బిస్కెట్లన్నీ అందులో ముంచి తీశాక.

"దేవునికియ్యక ముందే ఎంగిలి జేస్తవా గ్రేసూ!"

ఇంత విజ్ఞానం, ఇంత భక్తి ఒకే మనిషిలో! నాకు కళ్లు చెమర్చాయి. గిన్నెలోంచి వచ్చిన ఆవిరి అలాంటిది. డబ్బా మీద చీటీ మాత్రం ఆయనే రాశారు, నా పేరుతో. సలహాలన్నీ తనవైనా పేరంతా భార్యకే వదిలేయడం ఎంత విశాల హృదయం!

ఏటా వేలం పాడించేదీ మా ఆయనే. మైకు పట్టుకుని, "మా గ్రేసు చేసిన ఫారిన్ బిస్కెట్లు!" అంటూ మూత తీశారు. ముందు వరుసలో ముగ్గురు తుమ్మారు.

ఎవరూ పాట ఎత్తలేదు.

"ఒకటోసారి..." అన్నారాయన. నా పదేళ్ల పేరు ఆ డబ్బాలో కూర్చుని ఉంది. నేను తల ఎత్తలేదు.

అప్పుడు ఎలీసబెతవ్వ లేచింది. మా చర్చిలో అందరికంటే పెద్దది, అందరికంటే గట్టి గొంతున్నది. "సాల్మనూ, ముందుగాల నువ్వొకటి తిను బిడ్డా. నువ్వు సల్లగుంటే నేను పాడుత!"

చర్చి అంతా నవ్వింది. మా ఆయన వీరుడిలా ఒకటి నోట్లో వేసుకున్నారు. నమిలారు. ఆగారు. కళ్లు ఎర్రబడ్డాయి. ముక్కు కారింది. మాట్లాడబోయి నోరు తెరిస్తే గాలి తగిలి ఇంకా మండింది.

"ఏమైందిరా? గ్రేసు చెయ్యి కరాబైందా?" అంది అవ్వ.

ఆయన నా వైపు చూశారు. నేను చేతులు కట్టుకుని, వినయంగా, ఆయన సలహా కోసమే ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నాను.

"ఆమె చెయ్యి మంచిదే అవ్వా," అన్నారు, మైకులోనే. "ఆవగింజంత అన్నది. నేనే ఇనలే, చెంచెడు పోసిన. తప్పు నాదే."