ఆటల ఫీజు మూడు రూపాయలు

"నల్లబండ కాలేజీ చరిత్రలో నేటి నుంచి క్రీడాయుగం ఆరంభమైనది" అని కాలేజీ సెక్రెటరీ రావుబహద్దూర్ దేవేంద్రప్ప గారు రెండు వందల కరపత్రాలు అచ్చు వేయించారు. ఆ యుగానికైన మొదటి ఖర్చు అదే. కరపత్రం అడుగున, చీమ తలకాయంత అక్షరాలతో, "డ్రిల్లు మాస్టరు: జె. దావీదురాజు, టెంపరరీ" అని ఉంది. దావీదురాజు దాన్ని పదిసార్లు చదువుకున్నాడు. పేరు అచ్చులో చూసుకున్నందుకు సంతోషం, పేరు పక్కనున్న మాట చూసి దిగులు.

దిగులు పడక ఏం చేస్తాడు? పెళ్ళయి ఏడాది దాటింది. భార్య గ్రేసమ్మ ఇంకా జమ్మలమడుగులో పుట్టింట్లోనే ఉంది. మామగారు ఉపదేశి, నెలకో ఉత్తరం రాస్తాడు. మొదట దేవుని వాక్యం ఉంటుంది, చివర "పోస్టు పర్మనెంటు అయిన కాగితం చూపించు, ఆ రోజే అమ్మాయిని బండెక్కిస్తాను" అని ఉంటుంది. నెలకు ముప్పై అయిదు రూపాయలు, మూడు నెలలకొకసారి కొత్త ఆర్డరు. ఆర్డరు వచ్చేలోపు అతను ఎవరికీ అల్లుడు కాడు.

నల్లబండ కర్నూలు జిల్లాలో పడమటి కొసన, పత్తికొండకు ఒక పూట బండి ప్రయాణం దూరంలో ఉంటుంది. ఊళ్ళో వేరుశనగ మిల్లు, పత్తి మిల్లు, కాలేజీ, మూడూ దేవేంద్రప్ప గారివే. మొదటి రెండూ లాభం కోసం, మూడోది దేశం కోసం.

చేరిన రోజే దావీదురాజు ఫుట్‌బాలు అడిగాడు. ఆటల గుమాస్తా సుంకప్ప అతన్ని ఆఫీసు గదిలోకి తీసుకుపోయి అద్దాల బీరువా చూపించాడు. లోపల ఎర్ర మఖ్మలు మీద వెండి కప్పు, దాని పక్కన నిగనిగలాడుతూ తోలు బంతి.

"తాళం తియ్యండి."

"తాళం సెక్రెటరీ గారి మొలతాడుకుండాది సారూ."

"పిల్లలు ఆడుకోవాలి కదా?"

"ఆడితే పాతబడతాది గదప్పా! పాతబడితే స్టాకులో తరుగు పడతాది. ఆడిటరు అడిగితే మీరు చెప్తారా, నేను చెప్పల్లా?"

నాలుగేళ్ళుగా ఆ బంతి మీద మనిషి కాలు పడలేదు. ఏటా ఆడిటరు వచ్చి అద్దంలోంచి చూసి, "ఆట సామగ్రి పరిరక్షణ శ్లాఘనీయం" అని రాసిపోయేవాడు. విద్యార్థికి ఏడాదికి మూడు రూపాయలు ఆటల ఫీజు. ఆ డబ్బుతో కప్పు కొన్నారు, కప్పును ఎంచడానికి సెక్రెటరీ గారు రెండుసార్లు మద్రాసు వెళ్ళివచ్చారు, కప్పుకు బీరువా చేయించారు, బీరువాకు కాపలా పెట్టారు. ఇంత చేశాక ఆటలకు డబ్బు మిగలలేదంటే అది నిధి తప్పే గాని నిర్వాహకుల తప్పు కాదు. పోటీ లేదు కదా అని కప్పును నిరుత్సాహపరచడం ఇష్టంలేక, ఏటా వార్షికోత్సవంలో సెక్రెటరీ గారే దాన్ని ప్రిన్సిపాలుకు బహూకరించి, మరునాడు తిరిగి తీసుకునేవారు.

ఇక మైదానం. కాలేజీ వెనక ఎనిమిదెకరాల బండనేల. మేకలు కూడా చూసి అడుగు వేయాలి. దాన్ని చదును చేయడానికి యూనివర్సిటీ ఆరు వందలు పంపింది. అదే ఏడు వానలు మొండికేశాయి. కొర్రలు మొలవలేదు, జొన్న ఎండిపోయింది, పల్లెలు పల్లెలే గోనెసంచీలు భుజాన వేసుకుని దారి పట్టాయి. సర్కారు కరువు పని పెట్టాలంది. ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు దేవేంద్రప్ప గారు తన మైదానాన్ని త్యాగం చేశారు. రెండు వందల మంది కూలీలు నాలుగు నెలలుగా రాళ్ళు కొట్టి సగానికి పైగా నేలను అరచేయిలా చేశారు. మగమనిషికి రోజుకు రెండణాలు, ఆడమనిషికి అణాన్నర, కరువు ఖాతాలో. అదే రాళ్ళను యూనివర్సిటీ ఆరు వందలు కూడా పగలగొట్టినట్లు కాలేజీ ఖాతాలో రాసుకున్నారు. రెండు ఖాతాలు కలిసి పగలగొట్టినందువల్లే పని అంత నునుపుగా వచ్చిందని దావీదురాజు అనుకున్నాడు. పైకి మాత్రం అనలేదు, ఆర్డరు గడువు ఇంకా ఆరు వారాలే ఉంది.

కూలీలకు మధ్యాహ్నం గంజి కూడా సెక్రెటరీ గారి ధర్మమే. కాలేజీ గంటనే గంజికీ కొట్టేవారు. గంట మోగితే చాలు, చేతిలో సుత్తి ఎక్కడిదక్కడ వదిలి రెండు వందల మందీ కొప్పెర వైపు దౌడు తీసేవాళ్ళు. ముందు వచ్చినవాళ్ళకు గంజి, వెనక వచ్చినవాళ్ళకు గంజిలో పోసిన నీళ్ళు. రోజూ అందరికంటే ముందుండేవాడు పత్తికొండ పక్క పల్లెనుంచి వచ్చిన హనుమన్న. దావీదురాజు ఒకరోజు ఊరికే గడియారం పట్టుకుని చూశాడు. నాలుగు వందల గజాలు. సైదాపేట డ్రిల్లు ట్రైనింగులో తనతో పరుగెత్తిన మొనగాళ్ళెవ్వరూ ఆ వేగం అందుకోలేదు.

అంతలో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. దేహదారుఢ్య కమిషన్ నల్లబండకు వస్తున్నది. కనీసం పన్నెండు మంది విద్యార్థులు పరుగుపందెంలో పాల్గొన్నట్లు కళ్ళారా చూస్తే రెండు వేల గ్రాంటు, లేకపోతే ఇచ్చిన ఆరు వందలు కూడా వాపసు.

దేవేంద్రప్ప గారు దావీదురాజును పిలిపించారు.

"ఏమప్పా, పన్నెండు మందిని పరిగెత్తిస్తావా? పరిగెత్తించినావంటే పర్మనెంటు, లేదంటే నీ పెట్టె నువ్వు సర్దుకో."

"విద్యార్థులే లేరు సార్. కరువుకు ముప్పై మంది ఇంటికి పోయారు. ఉన్నవాళ్ళు వకీళ్ళ పిల్లలు. నిక్కరు వేసుకుని ఊరిముందర పరుగెత్తితే పిల్లనివ్వరంటున్నారు."

రావుబహద్దూర్ గారు కిటికీలోంచి మైదానం వైపు చూశారు. పన్నెండు గంటలైంది. గంట మోగింది. రెండు వందల మంది దౌడు తీశారు. ఆయన ముఖం విప్పారింది.

"ఈళ్ళు పరిగెత్తేది శానా బాగుండాదే!"

"కానీ వాళ్ళు విద్యార్థులు కారు కదా సార్."

"కాకపోతే చేద్దాం. సుంకప్పా! అడ్మిషన్ రిజిస్టరు తే. పన్నెండు మంది పేర్లు ఎక్కించు. వాళ్ళ పేర్లే ఎక్కించల్లా. దొంగ పేర్లు రాసినావంటే ఊరుకోను. విద్యాసంస్థ ఇది, అబద్ధానికి ఈడ తావు లేదు."

ఆ సత్యనిష్ఠకు సుంకప్ప కళ్ళు చెమర్చాయి. హనుమన్న జూనియర్ ఇంటరులో చేరాడు. ట్యూషను ఫీజు సెక్రెటరీ గారు కరువు దృష్ట్యా అక్కడికక్కడే మాఫీ చేశారు.

మూడు రోజులు దావీదురాజు వాళ్ళకు తర్ఫీదు ఇచ్చాడు. ఈల ఊదితే నవ్వారు. తుపాకీ పేలిస్తే పోలీసులనుకుని తుమ్మచెట్లలో దూరారు. చివరకు అతనికి ఒకటే దారి కనిపించింది. గంజి కొప్పెరను కమిషన్ కోసం వేసిన షామియానా వెనక పెట్టించి, షామియానా ముందు తాడు కట్టించి, గంట కొట్టడానికి సుంకప్పను నిలబెట్టాడు.

కమిషన్ అంటే ఒక తెల్లదొర, ఇద్దరు సభ్యులు. దొర తన కాలేజీ రోజుల్లో పడవ పందేలు నెగ్గినవాడట. కొత్త బనియన్లు తొడుక్కుని వరసగా నిలబడ్డ పన్నెండు మందిని దగ్గరకు వచ్చి చూశాడు. హనుమన్న పక్కటెముకలు వేలితో తడిమి లెక్కపెట్టాడు.

"అద్భుతం! ఒక్క చుక్క కొవ్వు లేదు. మా దేశంలో ఆరు నెలలు ఆహార నియమం పెడితే గాని కుర్రవాళ్ళు ఇట్లా తయారు కారు. మీరేం తిండి పెడతారు?"

సెక్రెటరీ గారు దావీదురాజు వైపు చూశారు.

"పగలు ఒక పూట గంజి సార్."

"రాత్రికి?"

"రాత్రికి ఏమీ లేదు సార్."

దొర పుస్తకం తీసి రాసుకున్నాడు.

సుంకప్ప గంట కొట్టాడు. పన్నెండు మందీ కదిలారు. పందెం కోసం పక్కకు తోసి కూర్చోబెట్టిన తక్కిన కూలీలు కూడా కదిలారు. వాళ్ళకు కమిషన్ సంగతి ఎవరు చెప్పారు గనక? గంట మోగింది, అంతే. రెండు వందల మంది, ముసలీ ముతకా, చిప్పలూ ముంతలూ పట్టుకుని దుమ్ము రేపుతూ వచ్చారు. తాడును అందరికంటే ముందు హనుమన్న తెంపాడు. రెండో స్థానంలో, పదకొండు మంది కాలేజీ వీరులను వెనక్కి నెట్టి, కొంగు బిగించుకుని, చంకలో ఏడాది పిల్లతో వచ్చింది అతని పెళ్ళాం హులిగెమ్మ.

దొర లేచి నిలబడ్డాడు. "ఈమె ఎవరు?"

దావీదురాజుకు తన పెట్టె గుర్తొచ్చింది. దేవేంద్రప్ప గారు మాత్రం తొణకలేదు.

"అవర్ లేడీస్ సెక్షన్, సర్."

"బరువు మోస్తూ పరుగెత్తుతున్నదే!"

"అది మా స్పెషల్ ట్రైనింగ్, సర్."

సుంకప్ప అప్పటికే రిజిస్టరు తెరిచి హులిగెమ్మను కూడా జూనియర్ ఇంటరులో చేర్చేశాడు. దొర తన చేతులతో వెండి కప్పును హనుమన్నకు ఇచ్చాడు. హనుమన్న ఇటు తిప్పి అటు తిప్పి చూసి, తన ముంతకన్నా పెద్దదని సంతోషించి, తిన్నగా షామియానా వెనక్కి పోయి దాన్ని కొప్పెరలో ముంచాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు. కాపలావాడు పక్కనే నిలబడి, అతను తాగడం అయ్యేదాకా ఓపిక పట్టి, కప్పు కడిగి బీరువాలో పెట్టాడు.

పదిహేను రోజులకు రిపోర్టు వచ్చింది. నల్లబండ విద్యార్థుల దేహదారుఢ్యం రాజధానిలోని కాలేజీలకు ఆదర్శమనీ, వారి ఒంటిపూట ఆహారపద్ధతిని హాస్టళ్ళలో పరిశీలించాలనీ అందులో ఉంది. గ్రాంటు రెండు వేలు, మహిళా విభాగానికి ఇంకో అయిదు వందలు. పత్రికలు పదమూడు మంది పేర్లూ వేశాయి. దావీదురాజు పర్మనెంటు అయ్యాడు. పర్మనెంటు ఉద్యోగి బంతికీ కప్పుకూ జవాబుదారీ కాబట్టి డెబ్బై రూపాయలు ధరావతు కట్టాలన్నారు. అందుకని రెండు నెలల జీతం పట్టుకున్నారు. మామగారికి కాగితం నకలు పంపాడు గాని జీతం సంగతి రాయలేదు.

కొత్త హోదాలో అతనికి అప్పగించిన మొదటి పని ఆటల ఫీజు వసూలు. ట్యూషను మాఫీ చేయవచ్చు గాని ఆటల ఫీజు మాఫీ చేసే అధికారం సెక్రెటరీ గారికి కూడా లేదు. అది యూనివర్సిటీ నిబంధన, దేవేంద్రప్ప గారు నిబంధన తప్పరు.

రసీదు పుస్తకం పట్టుకుని దావీదురాజు మైదానానికి వెళ్ళేసరికి హనుమన్న, హులిగెమ్మ పని చేయడం లేదు. గట్టు మీద మూట ముందర పెట్టుకుని కూర్చున్నారు. పిల్ల తల్లి ఒడిలో పడుకుని ఉంది. అతన్ని చూడగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"మీ కోసమే చూస్తాండాము సారూ," అన్నాడు హనుమన్న. "నిన్న తాసిల్దారు మా పేర్లు కొట్టేసినాడు. పనీ లేదంట, గంజీ లేదంట. తక్కిన పదకొండు మంది ఆ మాట ఇనంగానే యాడికో ఎల్లిపోయినారు. పిల్లనెత్తుకుని మేం యాడికి పోదుము?"

"ఎందుకు కొట్టేశాడు?"

"పేపర్లో చూసినాడంట. కాలేజీలో చదువుకునేటోళ్ళు కరువు జనం కిందికి రారంట. కాలేజీ ఇడిచిపెట్టినట్లు టీసీ తెస్తే మళ్ళా ఎక్కిస్తానన్నాడు. మీరు ఆ టీసీ ఇప్పీయల్ల సారూ, మీ కాళ్ళు మొక్కుతా."

దావీదురాజు రసీదు పుస్తకం తెరిచాడు. బాకీ ఉన్న విద్యార్థికి టీసీ ఇవ్వరు.

"ఇద్దరికీ ఆరు రూపాయలు కట్టాలి హనుమన్నా. ఆటల ఫీజు."

హులిగెమ్మ అడిగింది.

"ఏ ఆటకు సారూ?"

"బంతాటకమ్మా."

"బంతి యాడుండాది?"

"బీరువాలో."

ఆమె పిల్లను భుజం మార్చుకుంది. "నేను ఏం చదువుతాండాను సారూ ఆడ?"

దావీదురాజు రిజిస్టరులో చూసింది చెప్పాడు. "లాజిక్, చరిత్ర."

"పాసైతినా?"

"హాజరు చాలలేదమ్మా."

"పనికి పోకుంటే దుడ్లు యాడివి, దుడ్లు కట్టకుంటే పని యాడిది? ఇది మీ చదువులో ఉండాదా సారూ?"

దావీదురాజుకు సిగ్గేసింది. జేబులు తడుముకున్నాడు. ఈల, దాంతోపాటు ఒక పావలా దొరికాయి. పావలా హనుమన్న చేతిలో పెట్టబోయి, మనసు మార్చుకుని, రసీదులో జమ రాశాడు. ఇంకా అయిదు రూపాయల పన్నెండణాలు. విద్యార్థిని సంతకం అని అచ్చు వేసిన చోట హులిగెమ్మ ఎడమ బొటనవేలు నొక్కింది.

అంతలో గంట మోగింది. సుత్తులు నేల మీద పడ్డాయి. రెండు వందల మందికి కాస్త తక్కువ జనం దుమ్ము రేపుకుంటూ కొప్పెర వైపు దౌడు తీశారు. హనుమన్న కాళ్ళు వాటంతటవే రెండడుగులు వేశాయి. ఆగాడు. వెనక్కి వచ్చి పెళ్ళాం పక్కన నిలబడ్డాడు.

దావీదురాజు సంచిలోంచి ఆటల హాజరుపట్టీ తీశాడు. ఆ రోజు తేదీ వేశాడు. మైదానంలో ఆ గంటకు ఉన్న విద్యార్థులను లెక్కపెట్టి, ఇద్దరు హాజరు అని రాసుకున్నాడు.