లైటు ఆరింది, బండి బాగైంది

బండికి జబ్బు చేసిందో లేదో తేల్చే అధికారం నాగరిక ప్రపంచంలో బండికి లేదు, నడిపేవాడికి అసలే లేదు. అది డాష్‌బోర్డు మీది పసుపు లైటుది. వెలిగితే రోగం, ఆరితే ఆరోగ్యం. (మనుషులకీ ఇదే పద్ధతి పెడితే ఆసుపత్రుల ఖర్చు కలిసొస్తుందని ఒక కమిటీ ఆలోచిస్తోంది.)

టాక్సీ నడుపుకునే పెద్దాయనకి ఇదంతా తెలియదు. కూతురికి రేపో మాపో పురుడు, ఆసుపత్రేమో ఊరికి ఆ చివర. అలాంటప్పుడు లైటు వెలిగేసరికి సర్వీసు సెంటరుకి పరిగెత్తాడు.

కోడ్ల విభాగాధికారి బండికి చిన్న యంత్రం తగిలించి, తెర మీద పడ్డ అంకెలు చూసి తల పంకించాడు. "ఇంజిను వేడి చెప్పే సెన్సారు కోడండీ ఇది."

"అంటే ఇంజిను వేడెక్కుతోందా, సెన్సారు పాడైందా?"

"కోడు ఫిర్యాదు మాత్రమే చేస్తుందండీ. విచారణ మా పరిధిలోకి రాదు."

"బాబూ, బానెట్టు కింద పొగలొస్తున్నాయి!"

అధికారి డాష్‌బోర్డు మీద ఇంజిను వేడి చూపించే మీటరు చూశాడు. ముల్లు చల్లదనం దగ్గరే హాయిగా పడుకుని ఉంది. "ఇది చల్లగా ఉందంటోంది కదండీ. పైగా పొగకి కోడు లేదు. కోడు లేని పొగని మేం పొగగా గుర్తించలేం."

కోడు చెరిపేశారు, లైటు ఆరింది. పెద్దాయన ఇంటికి చేరేలోపే మళ్లీ వెలిగింది. మళ్లీ చెరిపారు, మళ్లీ వెలిగింది. ఇక లాభం లేదని శాశ్వత పరిష్కారాల విభాగానికి పంపారు. (ఆ విభాగమంటే ఒక కుర్చీ, ఒక నల్ల టేపు చుట్ట.) లైటు మీద ముక్క అంటించి, బండి పూర్తిగా కోలుకుందని ప్రకటించారు. నిజం చెప్పొద్దూ, పెద్దాయన ప్రాణం కూడా కుదుటపడింది. కళ్లలో పొడిచే ఆ లైటు కనబడకపోతే చాలనిపించింది పాపం.

మర్నాడే కూతురికి నొప్పులు మొదలయ్యాయి. భార్యనీ కూతుర్నీ ఎక్కించుకుని బయల్దేరితే, సగం దారిలో బండి బుసకొట్టి, ఆవిరి కక్కి ఆగిపోయింది.

"ఏమైంది నాన్నా?"

"ఏం కాలేదమ్మా, లైటేం లేదు," అన్నాడు పెద్దాయన అలవాటుగా.

"లైటు సంగతి తర్వాత, ముందు నన్ను ఆసుపత్రికి చేర్చు!"

వెనకాల వస్తున్న పాలవ్యానుకి అడ్డంపడి ఆపాడు. దాని డాష్‌బోర్డు మీద ఉన్న లైట్లన్నీ దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. అది తల్లినీ కూతుర్నీ ఎక్కించుకుని ఝామ్మని వెళ్లిపోయింది. వాళ్లు కనుమరుగయ్యాక పెద్దాయనకి ఒళ్లు మండి సెంటరుకి ఫోన్ చేశాడు.

"లైటేమైనా వెలుగుతోందా అండీ?"

"టేపేశారుగా, ఎలా కనబడుతుంది?"

"అయితే లేనట్టే. ముల్లు?"

"చల్లగానే ఉంది."

"మరింకేం, బండి బాగానే ఉందండీ. ఆగిపోయింది మీరై ఉంటారు."